లిఫ్టు ఎక్కనివాడి వడియాలు

మా రోజుల్లో ఏలూరులో వాటాల ఇళ్ళుండేవి. నాలుగు వాటాలకీ పెరట్లో ఒకటే నుయ్యి, కరెంటు మీటరూ ఒకటే. ఇంటివారు బల్బుకింత అని వసూలు చేసేవారు. రేడియో ఉన్న వాటాకి ఇంకాస్త. ఎక్కువ వాడుకునేవాడు ఎక్కువ ఇచ్చుకోవాలని చెప్పడానికి ప్లీడరు అక్కర్లేదు. చేంతాడు తెగితే మాత్రం అందరూ సమంగా వేసుకోవాల్సిందే. అయితే ఇంటినిండా జనమున్న వాటావాళ్ళ అబ్బాయే బజారుకెళ్ళి కొత్త తాడు తెచ్చి, గిలకకెక్కించి, చేద కట్టేవాడు. ఎక్కువ తోడుకునేది వాళ్ళే కదా! ఎవరూ రాసుకున్న నిబంధన కాదది.

కళ్ళాపి, ముగ్గు వారానికో వాటా వంతు. (వంతులన్నీ ఆడవాళ్ళవే. మగాళ్ళం అరుగుమీద పేపరు చదువుతూ తీర్పులు చెప్పేవాళ్ళం. ఈ ముక్క రాయకపోతే మా ఆవిడ ఊరుకోదు.)

ఇప్పుడు హైదరాబాదులో అబ్బాయి ఫ్లాట్లో ఉంటున్నాం. నెలనెలా మెయింటెనెన్స్ భారతమే. పెద్ద ఫ్లాట్లవాళ్ళు అందరికీ సమానం అంటారు, చిన్న ఫ్లాట్లవాళ్ళు చదరపు అడుగుల లెక్క అంటారు. కింది అంతస్తాయన "నేను లిఫ్టే ఎక్కను, ఎందుకివ్వాలి?" అంటాడు. ఆయన ఎక్కడు సరే, వేసవిలో వాళ్ళ వడియాలు మాత్రం లిఫ్టులోనే మేడెక్కుతాయి. లిఫ్టు, మెట్లు, మేడ ఉమ్మడివేనని 1987లో వచ్చిన అపార్ట్‌మెంట్ల చట్టం ఎప్పుడో చెప్పింది. సంఘం పెట్టుకోమనీ చెప్పింది. పెట్టుకున్నాం. పనిచేసేవాడే లేడు.

బోరెండి ట్యాంకర్లొస్తే అసలు తగవు. ఇద్దరున్న ఇల్లూ ఆరుగురున్న ఇల్లూ ఒకటే కట్టాలట! నన్నడిగితే నీళ్ళకి ఇంటింటికీ మీటరు పెట్టండి. రంగులకీ లిఫ్టు మరమ్మతుకీ అడుగుల లెక్క వేయండి. స్థలంలో అవిభక్త వాటా ఆ లెక్కనే రాయించుకున్నాం, రేపు అమ్ముకునేదీ ఆ లెక్కనే. వాచ్‌మన్ జీతం సమానం. దొంగ అడుగులు కొలుచుకుని రాడు.

అడిగేవాళ్ళేరీ? మోటారు కాలిన రోజు వాట్సాప్ నిండా బొటనవేళ్ళే. మెకానిక్కుని పిలవడానికి మాత్రం ఒక్క వేలూ కదల్లేదు.

ఆదివారం పదింటికి మేడమీద జనరల్ బాడీ మీటింగు. కాఫీ మా ఇంట్లోంచే వస్తుంది. సెక్రటరీ పదవికి ఓ పేరు పట్టుకురండి. మీ పేరైతే మరీ మంచిది.