నేను తిరుగుదారిని

నేను ఒక రీలును. చేతికి ఇమిడే పిడి, దాని మీద తిరిగే చక్రం, చక్రానికి చుట్టిన తెల్లటి నైలాన్ దారం. ఇంతే నా శరీరం. దారం పొడవు 120 మీటర్లు. 3 మీటర్లకొకటి చొప్పున దాని మీద ముడులున్నాయి, ఎంత దూరం వచ్చామో చీకట్లో వేళ్లతోనే లెక్క తెలియడానికి. నీళ్లు నిండిన గుహలోకి పోయే డైవరు నన్ను విప్పుకుంటూ వెళ్తాడు, చుట్టుకుంటూ వస్తాడు. సముద్రంలో ఇబ్బంది వస్తే డైవరు నెమ్మదిగా పైకి తేలవచ్చు. గుహలో నెత్తిన రాతికప్పు ఉంటుంది. బయటపడటానికి వచ్చిన దారి ఒక్కటే దిక్కు. ఆ దారిని మనిషి పోగొట్టుకోకుండా చూడటానికే నేను పుట్టాను.

పుట్టింది అమెరికాలో, ఉత్తర ఫ్లోరిడాలో. ఆ నేల కింద అంతా సున్నపురాయి. వాన నీళ్లు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని కాస్త పులుపెక్కుతాయి. ఆ పులుపు వేల, లక్షల ఏళ్లు రాయిని తింటూ పోతే లోపల సొరంగాలు ఏర్పడతాయి. వాటిలో పారే నీళ్లు అక్కడక్కడా ఊటలై బయటికి ఉబుకుతాయి. వేసవైనా చలికాలమైనా ఆ నీళ్లు సుమారు 22 డిగ్రీలే ఉంటాయి. అడుగున పడ్డ గులకరాయి కూడా పైనుంచి కనిపించేంత తేట. ఎంతోమందిని ఆ తేటదనమే లోపలికి లాగింది. గుహ అడుగున మెత్తటి బంకమన్ను పేరుకుని ఉంటుంది. కాలి ఫిన్ను ఒక్కసారి తప్పుగా తగిలితే అది లేచి, చేతిలోని లైటు కూడా కనిపించనంత మురికి కమ్ముతుంది.

నన్ను కొన్న మనిషి చిలమకూరు వాడు. జాక్సన్‌విల్‌లో ఉద్యోగం. గుహ డైవింగ్ నేర్పే గురువమ్మ మొదటి రోజు అడిగింది, నువ్వు ఎందుకు వచ్చావని. అతను తన ఊరి సంగతి చెప్పాడు. ఎర్రగుంట్ల దగ్గర చిలమకూరు. ఊరి పక్కన సిమెంటు ఫ్యాక్టరీ. దాని క్వారీలో నాయన డంపరు డ్రైవరు. ఇంటి గచ్చు కడప బండలు, అంగడి ముందు అరుగు కడప బండలు, పొలం గట్టున నాటిన కూసాలు కూడా అదే రాయి. జేజినాయన మనవడి నడుముకు బెండ్లు కట్టి, తాడు కొస తన చేతిలో పెట్టుకుని, మోటబావిలో ఈత నేర్పాడట. తర్వాత ఒక సెలవుల్లో నాయన బెలూం గుహలకు తీసుకుపోయాడు.

బెలూం గురించి అతను చెబుతుంటే గురువమ్మ రాసుకోవడం మానేసి వింది. జమ్మలమడుగు దాటి పైకి పోతే కొలిమిగుండ్ల దగ్గర ఉంది ఆ గుహ. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త దాని గురించి రాశాడు. 1982, 83 సంవత్సరాల్లో డేనియల్ గెబావర్ నాయకత్వాన జర్మన్ బృందం లోపల తిరిగి కొలతలు తీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. 2002లో జనం చూడటానికి తెరిచారు. లోపల అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ, 46 మీటర్లు. అక్కడ నీళ్లు పారుతూ వచ్చి రాతి కింద మాయమవుతాయి. పిల్లవాడు అక్కడే నిలబడిపోయాడు.

"ఈ నీళ్లు యాడికి పోతాయి నాయనా?"

నాయనకు తెలియదు. ఆ ప్రశ్న పిల్లవాడితో పాటు పెరిగి, సముద్రాలు దాటి, నన్ను కొనిపించింది.

బెలూం రాయీ నన్ను పుట్టించిన ఫ్లోరిడా రాయీ రెండూ సున్నపురాళ్లే, వయసులోనే తేడా. ఫ్లోరిడా రాయిలో గవ్వలు, నత్తగుల్లలు కంటికి కనిపిస్తాయి. బెలూం ఉన్న రాయిని నర్జి సున్నపురాయి అంటారు. ప్రాణులకు ఇంకా గుల్లలు రాని కాలంలో సముద్రపు అడుగున పేరుకున్నది. అందుకే ఎంత వెతికినా దానిలో గవ్వ దొరకదు.

"గుహలోకి ఎలా వెళ్లాలో ఎప్పుడు నేర్పుతారు?" అని అతను అడిగాడు. "ముందు ఎలా చచ్చిపోయారో చదువుదాం" అంది గురువమ్మ. ఆ మాటలో కాఠిన్యం లేదు. ఈ విద్య పుట్టిందే అలా. జాక్సన్‌విల్‌లో పుట్టిన షెక్ ఎక్స్‌లీ హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు. గుహల్లో ప్రాణాలు పోయిన సంఘటనలను విడదీసి, ఎక్కడ తప్పిందో వెతికి, 1979లో ఒక చిన్న పుస్తకం వేశాడు. ఎక్కువ చావుల వెనక కనిపించినవి మూడే. బయటి నీళ్ల నుంచి తెగకుండా దారం వేసుకోకపోవడం. తిరుగు ప్రయాణానికి సరిపడా గాలి మిగుల్చుకోకపోవడం. మితిమీరిన లోతుకు పోవడం. తర్వాతి వాళ్లు మరో రెండు చేర్చారు: శిక్షణ లేకుండా దిగడం, ఒక్కొక్కరికి మూడేసి లైట్లు లేకపోవడం. సముద్రంలో వందలసార్లు మునిగిన వాళ్లు, ఇతరులకు డైవింగ్ నేర్పే వాళ్లు కూడా ఈ గుహల్లో పోయారు. బయటి నీళ్ల అనుభవం రాతికప్పు కింద సరిపోదు. ఎక్స్‌లీ కూడా 1994 ఏప్రిల్ 6న మెక్సికోలోని జకటాన్ అనే నీటి బిలంలో, మనిషి అంతవరకు చేరని లోతు కోసం దిగి, తిరిగి రాలేదు. అతను రాసిపెట్టిన నియమాల వల్ల బతికి బయటికొస్తున్న వాళ్లు మాత్రం ఇప్పటికీ ఉన్నారు.

మా శిక్షణ నీళ్లలో మొదలుకాలేదు. ఓక్ చెట్ల కింద మొదలైంది. నా దారాన్ని ఒక మానుకు కట్టి, ఇంకో మానుకు చుట్టి, అలా వంకరటింకరగా లాగారు. మొదటి కట్టు గుహ బయట, నేరుగా పైకి తేలగలిగే చోట ఉండాలి. రెండోది గుమ్మం దాటగానే. ఆ తర్వాత మలుపు ఉన్న చోటల్లా రాతికి ఒక చుట్టు. దారం ఎప్పుడూ బిగువుగా ఉండాలి. వదులైతే కాళ్లకు చిక్కుకుంటుంది. దారం జారి, చేయి పట్టినా మనిషి పట్టని సందులోకి పోతే, కళ్లు కనబడనప్పుడు అదే ఉరి. అతని బొటనవేలు నా చక్రాన్ని అదిమి పట్టడం నేర్చుకునే దాకా నేను ఆ చెట్ల కింద ఎన్నోసార్లు చిక్కుపడ్డాను. గురువమ్మ ప్రతిసారీ ఓపిగ్గా విప్పించింది, అతని చేతనే.

తర్వాత కళ్లకు గంతలు కట్టింది. బొటనవేలు, చూపుడువేలు సున్నాలా చుట్టి నన్ను ఆ సున్నాలో ఉంచుకోవాలి, లాగకూడదు. వెనక మనిషి ముందు మనిషి చేతిని పట్టుకుంటాడు. ఒక రకం నొక్కు అయితే ముందుకు, ఇంకో రకం అయితే ఆగు. మాటలు లేవు, చూపు లేదు. ఆ తర్వాత ఇదే పనిని నీళ్లలో, ఒకరి గాలిని ఇద్దరూ పంచుకుంటూ చేశారు. రెండు మీటర్ల పొడవాటి గొట్టం ఉండేది అందుకే. ఇరుకులో పక్కపక్కన పట్టనప్పుడు ముందొకరు వెనకొకరు వస్తూ ఒకే సిలిండరు గాలి పీల్చుకోవాలి.

మొదటి మెట్టు కావెర్న్. పగటి వెలుతురు కనిపించే మేర మాత్రమే. శాంటా ఫే నది ఒడ్డున జిన్నీ స్ప్రింగ్స్‌లో బాల్‌రూమ్ అనే పెద్ద గది ఉంది. దాని వెనక గోడలో నీళ్లు తన్నుకొచ్చే సందుకు ఇనుప జాలీ బిగించారు, ఎవరూ దూరకుండా. పక్కనే డెవిల్స్ అని పిలిచే ఊటల్లో గుహ శిక్షణ లేని వాళ్లు లైటు పట్టుకుని దిగకూడదు. చేతిలో లైటు లేకపోతే చీకట్లోకి అడుగేయాలన్న కోరికే పుట్టదని ఆ నియమం. గుహల గుమ్మాల లోపల చావు బొమ్మతో బోర్డులుంటాయి. ఇక్కడి నుంచి ముందుకు పోవద్దు, లోపల ప్రాణం పెట్టదగినది ఏదీ లేదని వాటి సారాంశం.

గాలి లెక్క నాకు అన్నిటికన్నా ఇష్టం. సిలిండరులో గాలి ఒత్తిడి 210 బార్ ఉందనుకోండి. 70 పోవడానికి, 70 రావడానికి, 70 తోడున్న వాడికి ఆపద వస్తే అతన్ని తీసుకురావడానికి. ఇద్దరిలో ఎవరికి తక్కువుంటే లెక్క వాళ్లది. రెండో మెట్టులో, జంట సిలిండర్లతో దిగినా, మూడో వంతు కాదు, ఆరో వంతే వాడాలి. అంటే 35 బార్ తగ్గగానే వెనక్కి. మూడో మెట్టు దాకా పక్కదారులు పట్టకూడదు. ఇక ఎవరైనా, ఎప్పుడైనా బొటనవేలు పైకి చూపిస్తే డైవ్ ముగిసినట్టే. అక్కడ దానర్థం బాగుందని కాదు, ఇక పోదామని. కారణం అడగరు. బయటికొచ్చాక కూడా నిందించరు.

ఒక ఆదివారం వీడియో కాల్‌లో నాయన అడిగాడు.

"నీళ్లలో గుహలోకి పొయ్యేదేందిరా అబ్బీ? బెలూంలో నడిచి చూసినాం గదా, చాల్దా?"

"ఈడ ముందు తిరిగొచ్చేది నేర్పిస్తారు నాయనా. లోపలికి పొయ్యేది తర్వాత. గాలి ఇంత తగ్గితే, ఇంకో రెండడుగుల్లో ఏమున్నా చూడకుండా రావాల్సిందే."

నాయన కాసేపు ఆలోచించాడు. "మా క్వారీలో బ్లాస్టింగు సైరను మాదిరి. అది కూసినాక ఇంకొక్క ట్రిప్పు కొడదామనుకున్నోడు బతకడు. అట్లయితే నేర్చుకో."

రెండో మెట్టులో మేం పీకాక్ స్ప్రింగ్స్‌కు వెళ్లాం. అక్కడ గుహ లోపల బంగారు రంగు శాశ్వత దారం ఉంటుంది. అది గుమ్మం దగ్గర మొదలుకాదు, కాస్త లోపల మొదలవుతుంది. బయటి నీళ్ల నుంచి దాని దాకా తన రీలు తానే వేసుకోవాలి. ఆ పని నాది. కూడళ్లలో ప్లాస్టిక్ బాణాలు బిగించి ఉంటాయి. గుహ డైవర్ల బాణం ఎప్పుడూ దగ్గరి గుమ్మం వైపే చూపిస్తుంది, లోపలి వింతల వైపు కాదు.

ఆ రోజు నీళ్లు అద్దంలా ఉన్నాయి. నన్ను శాశ్వత దారానికి కట్టి ముందుకు సాగారు. సొరంగం వెడల్పవుతూ పోయింది. దూరంగా పైనుంచి నీలి వెలుగు పడుతున్నట్టు కనిపించింది. సరిగ్గా అప్పుడే తోటి డైవరు గేజి లెక్క దగ్గరికి వచ్చింది. చిలమకూరు వాడి గాలి ఇంకా మిగిలే ఉంది. మనసు పోవాలనే లాగింది, ఆ సంగతి తర్వాత తనే చెప్పాడు. అయినా బొటనవేలు పైకెత్తాడు. ఇద్దరూ వెనుదిరిగారు. గుమ్మం దగ్గర నన్ను విప్పి చుట్టుకుంటుంటే అతని చేయి నిదానంగా, సమంగా కదిలింది. గట్టు మీద గురువమ్మ ఒక్కటే అంది: "ఒడ్డున వేసిన లెక్కను లోపల మార్చలేదు. ఇవాళ నువ్వు డైవరువి."

ఈ విద్య విలువ 2018లో ప్రపంచమంతా చూసింది. జూన్ 23న థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో 12 మంది పిల్లలు, వాళ్ల కోచ్ వరదకు చిక్కుకున్నారు. రిక్ స్టాంటన్, జాన్ వొలాంథన్ అనే ఇద్దరు గుహ డైవర్లు మురికి నీళ్లలో దారం వేసుకుంటూ జూలై 2న వాళ్లను కనుక్కున్నారు. నీళ్లు తోడే పనిలో సాయపడటానికి మన దేశం నుంచి కిర్లోస్కర్ కంపెనీ ఇంజనీర్లు వెళ్లారు. సిలిండర్లు చేరవేసి తిరిగొస్తూ సమన్ కునన్ అనే థాయ్ నేవీ మాజీ డైవరు జూలై 6న ప్రాణం వదిలాడు. జూలై 8 నుంచి 10 వరకు 13 మందీ బయటికొచ్చారు, ఒక్కో పిల్లవాణ్నీ ఒక్కో డైవరు దారం పట్టుకుని తెచ్చాడు. నాలాంటి రీలు లేకపోతే ఆ దారి లేదు.

మొన్నటి సెలవులకు అతను నన్ను చిలమకూరు తెచ్చాడు. ఇంటి ముందు వేపచెట్టుకూ గేటుకూ మధ్య నన్ను లాగి, అక్క పిల్లల కళ్లకు తువ్వాలు కట్టి నడిపించాడు. వీధిలో పిల్లలంతా పోగయ్యారు. ఎండాకాలం వస్తే ఆ పిల్లలను పెన్నా మడుగులు, పాత బావులు, నీళ్లు నిలిచిన క్వారీ గుంతలు పిలుస్తాయి. గట్టు మీద చూసేవాడు లేకుండా దిగిన పిల్లలు మునిగిపోయారన్న వార్త ఏటా ఎక్కడో ఒకచోట వస్తూనే ఉంది. అందుకే గుహ కథలకన్నా ముందు అతను వాళ్లకు మూడు ప్రశ్నలు నేర్పాడు. తోడెవరు? ఎంత దూరం? ఎప్పుడు వెనక్కి? మూడింటికీ జవాబు ఒడ్డునే చెప్పాలి. చెప్పలేకపోతే దిగకూడదు.

మీకూ ఆ కోరిక పుడితే ముందు బెలూం నడిచి చూడండి. ఈత బాగా నేర్చుకోండి. బయటి నీళ్లలో డైవింగ్ నేర్చుకుని చాలాకాలం చేయండి. ఆ తర్వాత కావెర్న్, ఆ తర్వాతే గుహ. ఏ మెట్టూ దాటేయొద్దు. ఏదో ఒక మెట్టు మీద నాలాంటి రీలు మీ చేతికి వస్తుంది. దాని దారాన్ని నమ్మండి. దాన్ని ఎప్పుడు వెనక్కి చుట్టాలో ఒడ్డున మీరే వేసుకున్న లెక్కను ఇంకా ఎక్కువ నమ్మండి.