అడ్మినానుశాసనము: టీకా తాత్పర్య సహితము

మన్యసీమ విద్యార్థుల హితముకొఱకు వెలసిన ఒకానొక వాట్సాప్ గ్రూపునందు ఈ వానకాలపు మొదటిలో పరమగంభీరమైన శాసనమొకటి వెలువడి, గ్రూపు శిరోభాగమున పిన్ను చేయబడి, నేటికిని అచ్చటనే వెలుగొందుచున్నది. డిగ్రీ ప్రవేశములు, ఉపకారవేతనములు, కులధ్రువీకరణ పత్రములు, డీఎస్సీ ప్రకటనలు మొదలగువాని విషయమున పాడేరు మొదలు ముంచింగిపుట్టు వఱకు, అనంతగిరి మొదలు డుంబ్రిగుడ వఱకు గల పిల్లలు ఒకరికొకరు తోడుపడవలెనని ఎవరో పుణ్యాత్ములు ప్రారంభించిన గ్రూపు అది. శాసనము వచ్చిన పిదప పిల్లలలో పలువురు దానిని చదివి, అర్థము గాక, అడుగుటకు జంకి (అడుగుటయు నిషిద్ధమే గనుక) ఊరకుండిరి. ఇట్టి మహాగ్రంథమునకు వ్యాఖ్య లేకుండుట భాషకు లోటని తలచి, కొలిచాల మల్లినాథసూరి పాదములకు మనసులోనే మ్రొక్కి, ఈ చిన్న టీకను ఆరంభించుచున్నాను. మూలమున లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియు ఆ మహానుభావుడు ప్రతిజ్ఞ చేసెను. నేను అట్టి ప్రతిజ్ఞ చేయజాలను.

మూలము

“గ్రూపు సభ్యులందఱికి అడ్మిన్ ప్యానెల్ తెలియజేయునది ఏమనగా: గుడ్ మార్నింగులు, ఫార్వర్డులు నిషిద్ధము. అడిగినదే మరల అడుగరాదు. వాయిస్ మెసేజిలు గ్రూపు గౌరవమునకు భంగకరములు గనుక పెట్టరాదు. అతిక్రమించినవారు ముందస్తు సమాచారము లేకయే తొలగింపబడుదురు. అత్యవసర విషయములకై అడ్మిన్లకు ఫోను చేయరాదు.”

టీక

అడ్మిన్: లోకులు దీనిని ఆంగ్లశబ్దమందురు. అది సులభమైన త్రోవ గనుక వ్యాఖ్యాతకు పనికిరాదు. మిన్నునకు అడ్డమై నిలుచువాడు అడ్డుమిన్ను. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణము వెలయించునాటికి ఈ శబ్దము పుట్టియుండలేదు గనుక దీనికి సూత్రము దొరకదు. అయినను బహుళగ్రహణము అను కామధేనువు ఉండగా ఉత్వలోపమునకును ద్విత్వలోపమునకును వెఱవ బనిలేదు. అర్థము మాత్రము లక్ష్యమునకు చక్కగా సరిపడుచున్నది. సిగ్నలు మింటినుండి దిగవలసినది. దానికిని పిల్లలకును నడుమ నిలుచువాడు అడ్మిన్.

ఇతని అధికారమెంత అను శంక కలుగవచ్చును. 2021లో బొంబాయి హైకోర్టు నాగపూరు ధర్మాసనమును, 2022లో కేరళ హైకోర్టును ఈ విషయమును విచారించి, సభ్యుడు పెట్టిన దానికి అడ్మిన్ బాధ్యుడు గాడనియు, సభ్యులను చేర్చుకొనుటయు తొలగించుటయు దప్ప అతనికి సభ్యులకన్న వేఱు అధికారము లేదనియు తేల్చినవి. చేర్చుకొనుట, తొలగించుట అను ఈ రెంటిలో మొదటిది కష్టము, రెండవది వినోదము.

ప్యానెల్: సమూహార్థము. ఈ గ్రూపునకు అడ్మిన్లు ఐదుగురు. నలుగురు పెద్దలు, పదవీ విరమణము చేసినవారు, సంఘములకు అధ్యక్షులైనవారు, శాసనము వ్రాసినవారు. ఐదవది విశాఖపట్టణమున హాస్టలులోనుండి చదువుకొనుచున్న ఒక పిల్ల. ఆమె పేరు శాసనముక్రింద కానరాదు. రాత్రి చదువు ముగిసిన పిదప, తోడి పిల్లలు నిద్రించిన పిదప, ఆమె గ్రూపు తలుపు వాకిట కూర్చుండును. చేరగోరిన ప్రతి నంబరును ‘ఏ ఊరు, ఏమి చదివినారు’ అని విచారించును; విచారింపనిచో బెట్టింగు యాపులవారును, అప్పు యాపులవారును, ఇంట కూర్చుండియే దినమునకు వేలు గడింపుడనువారును తెల్లవారునప్పటికి లోపల ఉందురు. ఉపకారవేతనమని చెప్పి బ్యాంకు వివరములు అడుగు దొంగ లింకులను ఏఱి పాఱవేయును. ఒక పిల్లవాని దరఖాస్తు ఓటీపీ దగ్గఱ ఆగిపోవును. ఆధారునకు కలిపిన నంబరు అన్నది. అన్న పొరుగు రాష్ట్రమున కట్టడపు పనిలో ఉన్నాడు. అతడు ఫోను ఎత్తునది రాత్రి భోజనవేళ మాత్రమే. ఆ వేళకు కాచియుండి, ఇటు పిల్లవానిని, అటు అన్నను నిలిపి, ఆఱు అంకెలను గడువు దాటకుండ ఒకచోటినుండి ఒకచోటికి చేర్చుట ఆమె పని. దీనికి జీతము లేదు. పిన్ను లేదు.

గుడ్ మార్నింగులు: స్పష్టము. ఫార్వర్డులు: స్పష్టము. ప్యానెల్ పెద్దల సన్మానముల ఫొటోలును, వారి మనుమల జన్మదిన శుభాకాంక్షలును ఫార్వర్డులు గావని సంప్రదాయజ్ఞుల మతము.

అడిగినదే మరల అడుగరాదు: ఇచ్చట కొంత విచారింపవలసియున్నది. చెప్పినదానిని మరల అడుగుట ఏల సంభవించుచున్నది? మేఘమువలన. మేఘమును దూతగా పంపినవారిలో అగ్రగణ్యుడు, శాపవశమున ప్రియురాలికి దూరమైన కాళిదాసుని యక్షుడు. అతడు నిలిచిన రామగిరి నాగపూరునకు చేరువనున్న రామటెక్ అని పలువురందురు. జడమైన మేఘము దూత్యమునకు తగునా అను శంకను కవియే లేవనెత్తి, తానే తీర్చెను. కవి తీర్చని శంక వేఱొకటి కలదు. ఆ మేఘము యక్షునికి కనబడినది ఆషాఢపు మొదటి దినముననా, ఆషాఢము ముగియు దినముననా? కాశ్మీరకుడైన వల్లభదేవుడు ఒక అక్షరభేదముతో చదివి ముగియు దినమే అనెను. మల్లినాథుడు దానిని ఒప్పక మొదటి దినమే అని నిలిపెను. శాపము తీరునది కార్తికమున విష్ణువు శేషశయ్యనుండి లేచునాడు గదా, అప్పటికి నాలుగు నెలలు మిగిలియున్నవని యక్షుడే చెప్పుచున్నాడు గదా, మొదటి దినమైనచో కొన్ని దినములు హెచ్చుచున్నవి గదా, ఆ హెచ్చును ఎచ్చట సర్దుదుమని వాదప్రతివాదములు. ప్రియురాలికి వార్త అందినదా లేదా అన్నది ఎవరికిని పట్టలేదు, తేదీ పట్టినది. నాకు ఈ వాదమన్న మిక్కిలి ప్రీతి. దీనిని చాదస్తమని నవ్వువారు మన గ్రూపునందు ‘డిగ్రీ ఆన్‌లైను ప్రవేశములకు నేడే ఆఖరి తేదీ, త్వరపడుడు’ అని నెలయు దినమును లేకుండ వెలువడిన ప్రకటనను ఒకసారి చూడవలెను. సోమవారము బయలుదేరిన ‘నేడు’ గురువారము కొండ ఎక్కిన పిల్లకు చేరును. ఆమెకు అది ఏ నేడు? మొదటిదా, ముగిసినదా? వల్లభదేవుడు ఉన్నచో ముగిసినదే అనును. పాపము, అతని పాఠమే సరియగుచున్నది.

మఱియు యక్షుని మేఘము వార్తను మోసికొనిపోయినది. మన కొండలలోని మేఘము వార్తను మ్రింగును. గాలివాన వచ్చిన కరెంటు పోవును. కరెంటు పోయిన కొంతసేపటికి టవరు బ్యాటరీయు పోవును. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రముగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినది. మఱుసటి యేడు జూన్ నెలలో మాఱుమూల ఊళ్లకని 100 టవర్లను ఒక్కమాఱుగా ప్రారంభించిరి, వానిలో అధికభాగము ఈ జిల్లావే. మేలే జరిగినది, కాదనను. అయినను కొండకు ఈవలి గూడెమునకు అందిన సిగ్నలు ఆవలి గూడెమునకు అందదు. కేక దాటును గాని సిగ్నలు దాటదు. అందుచే కాఫీతోటమీది మలుపున, మిరియపుతీగ ప్రాకిన సిల్వర్ ఓకు చెట్టు కొమ్మచీలికలో ఫోనును నిలిపి, నలుగురు పిల్లలు మెడలు చాచి నిలుచుందురు. ఫోను ఒకటే. వారిలో ఒకతె నోటుపుస్తకము కడపటి పుటలో బాలుపెన్నుతో తేదీలను ఎక్కించుకొని, క్రిందికి దిగి, మిగిలిన ఇండ్లకు చెప్పును. ఆమె అట తేదీని తప్పుగా విన్నదనుకొనుడు, వాన పడి అక్షరము చెదరినదనుకొనుడు: మరల అడుగక ఏమి చేయవలెను?

ఈ సందర్భముననే టిక్కులను గూర్చి చెప్పుట ఉచితము. ఒక గీత కనబడిన వార్త బయలుదేరినదని, రెండైన చేరినదని, ఆ రెండు నీలమైన చదివినారని. ఈ నీలిమ 2014 నవంబరులో ప్రవేశపెట్టబడినది. రెండు రేఖలు గలది గనుక ద్విరేఖము. రెండు రేఫలు గలది గనుక తుమ్మెదకు ద్విరేఫమని పేరుండుట బుధులకు విదితమే. ఆ తుమ్మెద అరకులో వలిసెపూలు పసుపుపచ్చగా విరియు చలికాలమున వచ్చును. మన ద్విరేఖము ఏ ఋతువున వచ్చునో చెప్పజాలము. ఒంటిగీత నెలలకొలది ఒంటిగానే ఉన్న నంబర్లు గ్రూపునందు ఎన్నో కలవు. ప్యానెల్ వారు వారిని ‘స్పందింపనివారు’ అని పిలిచి, ఒకనాటి రాత్రి పట్టిక వేసి తొలగించిరి. గ్రూపున చోటు చాలదని కారణము చెప్పిరి. ఒకప్పుడు 256 మందికే చోటుండెడిది. 2022లో అది 512 అయి, ఆ యేడే 1024 అయినది. చోటు ఉన్నది. ఓపికయే లేదు.

వాయిస్ మెసేజిలు గ్రూపు గౌరవమునకు భంగకరములు: ఇచ్చట ‘భంగము’ అనగా విఱుగుట. ఎవరి గౌరవము, ఏ విధముగ విఱుగును? జరిగినది చెప్పెదను. హాస్టలు పిల్ల, దరఖాస్తునకు కావలసిన పత్రములను గూర్చి కువి భాషలో తాను, ఆదివాసీ ఒడియాలో తన గదిలోని స్నేహితురాలు మాటలాడి, రెండు వాయిస్ మెసేజిలు పెట్టిరి. ఇంటర్ మార్కుల పత్రము, కులధ్రువీకరణము, ఆధారు, బ్యాంకు పుస్తకము. ఏది సచివాలయమున దొరకును, దేనికి ఎంత ముందుగా తిరుగవలెను, ఎవరు డబ్బడిగిన ఈయవలదు. తెలుగు చదువను రాని తల్లి సైతము చెవియొగ్గి విని, ఆ కాగితములను పెట్టెలోనుండి తీసి పెట్టినది. ఇంతలో పెద్దలలో ఒకరు ‘ఇది గ్రూపా, సంతయా?’ అని అడిగిరి. మఱునిమిషమున ఆ రెండు మెసేజిలున్న చోట తొలగింపబడినవను గుఱుతు మాత్రము మిగిలెను.

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు ఈ తూర్పుకనుమలలోనే పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, సవరల భాషను నేర్చి, వారి పిల్లలకు వారి నుడిలోనే చదువు చెప్పించి, 1931లో ఆ భాషకు వ్యాకరణమును 1938లో కోశమును వెలువరించెను. వ్యావహారికముకొఱకు ఆయన పండితులతో చేసిన పోరు లోకవిదితము. ఆయన అడ్మిన్ అయినచో ఈ టీకాకారుడే మొదట తొలగింపబడియుండును. ఆయన పుట్టిన ఆగస్టు 29న పూలదండల బొమ్మతో తెలుగు భాషా దినోత్సవ శుభాకాంక్షలు పెట్టుట ప్యానెల్ వారు ఏ యేడును మఱువలేదు. ఆ బొమ్మలో ఆయన ముఖము చిన్నది, ప్యానెల్ వారివి పెద్దవి.

ముందస్తు సమాచారము లేకయే తొలగింపబడుదురు: కర్మణి ప్రయోగము. కర్త కానరాడు, కానరాకుండుటయే ఈ ప్రయోగమునకు ప్రయోజనము. ‘మేము తొలగించెదము’ అన్నచో ఎవరైన ‘ఏల’ అని అడుగవచ్చును. ‘తొలగింపబడుదురు’ అన్నచో వానవలె, కొండచఱియవలె, అది దానంతట అదియే జరిగిపోవును. ఇంటిలో కువియో, ఆదివాసీ ఒడియాయో మాటలాడి, బడిలో తెలుగు నేర్చిన పిల్లకు ఈ వాక్యము తన్ను వెళ్లగొట్టుదురని చెప్పుచున్నదని మాత్రము అర్థమైనది. ఏమి చేసిన వెళ్లగొట్టుదురో అర్థము గాలేదు. కొందఱు ముందే తమంతట తాము వెళ్లిపోయిరి. 2022 మొదలుకొని ఎవరు వెళ్లినను అడ్మిన్లకు దప్ప ఇతరులకు సమాచారము వెళ్లదు. నలుగురు పెద్దలకును ఆ సమాచారము చేరినది. వెళ్లినవారికి ఫోను చేసినది ఐదవ అడ్మిన్.

అత్యవసర విషయములకై అడ్మిన్లకు ఫోను చేయరాదు: స్పష్టము. స్పష్టమనుటకు చేయి రాకున్నది. అత్యవసరమునకు గాక మఱి దేనికి చేయవలెను? గడువు చివరి రాత్రి సైటు తెఱచుకొనక, రుసుము కట్టినది రాక, ఏడ్చుచున్న పిల్ల చెట్టుక్రింద ఎవరి నంబరు నొక్కవలెను? మల్లినాథుడు ఇట్టి వాక్యమునకు ఏమి వ్రాసెడివాడో ఊహింపజాలను.

తాత్పర్యము

మాటలాడకుడు, అడుగకుడు, పిలువకుడు, మా ఫొటోలకు చప్పట్లు కొట్టుడు.

ప్యానెల్ పెద్దలకు ఈ టీకాకారుని మనవి. ఆఖరి తేదీని అంకెలలో, నెలపేరుతో, మొదటి పంక్తిలోనే వేయుడు. ‘నేడు’, ‘రేపు’ అనవలదు. బరువైన పీడీఎఫ్ కొండమీద తెఱచుకొనదు. దానిలోని నాలుగు మాటలను టైపు చేయుడు. కువిలోను ఆదివాసీ ఒడియాలోను వచ్చు వాయిస్ మెసేజిలను తొలగింపకుడు. తొలగించిన ఒంటిగీతల నంబర్లను మరల చేర్చుకొనుడు. శాసనమును దింపి, ఆ చోట హాస్టలు పిల్ల తయారుచేసిన పత్రముల జాబితాను పిన్ను చేయుడు. అది ఎనిమిది పంక్తులే. దానికి టీక అక్కఱలేదు.