సూరత్ వంగకాయకు టీకా తాత్పర్యం

మూలం

ఊరి చేని కూర యుదయాన వచ్చినా
బండి మీది వాడు వంగకాయ
కొనుట యేల యన్న గొంతెత్తి చెప్పదా
సూరతందు సాంచె చోద్యమిదియె

అవతారిక

తన పద్యానికి తానే టీక రాసుకోవడం మర్యాద కాదంటారు. ఈ పద్యానికి ఇంకొకరు రాస్తారన్న ఆశ లేదు కనుక ఆ మర్యాదను కాసేపు పక్కన పెట్టాం. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ వైపు కొల్చారం వాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి మరీ కలం పట్టాడు. ప్రతిజ్ఞలో మొదటి సగం మాకూ శిరోధార్యమే. రెండో సగం కూరగాయల దగ్గర ఎవరివల్లా కాదు. బేరమంటేనే సగం అక్కరలేని మాట.

సందర్భం ఏమనగా: సూరత్‌లో లింబాయత్, ఉధ్నా, గోడాదరా, డిండోలి, పర్వత్ పాటియా అని పేటలున్నాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి నేత పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా అక్కడ కాపురాలున్నాయి. నగరపాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉందంటే ఆ జనం ఎంతమందో ఊహించుకోవచ్చు. ఊరు దాటితే తాపీ నది కాలువలు పారే నేల. ఇంత పచ్చదనం పక్కనే పెట్టుకుని, చేను నుంచి నేరుగా వచ్చిన కూర వదిలేసి, దీపాలు పెట్టే వేళకు బండి మీద మిగిలిన కాయలు ఎందుకు కొంటారయ్యా అని చదువుకున్నవాళ్ళు జాలిగా అడుగుతుంటారు. అడిగి, జవాబు కోసం ఆగరు. ఈ పద్యం ఆ జవాబు.

ప్రతిపదార్థం

ఊరి చేని కూర = ఊరి పొలిమేర చేలలో పండిన కూరగాయ; ఉదయాన = తెల్లవారుజామున; వచ్చినా = బజారుకు చేరినప్పటికీ; బండి మీది = తోపుడు బండి మీద ఉన్నట్టి (సూరత్‌లో దీన్ని ‘లారీ’ అంటారు; కొత్తగా వచ్చిన తెలుగువాడు లారీలో కూరగాయలమ్ముతారని విని బెదిరిపోనక్కరలేదు); వాడు = వడలిపోవునట్టి; వంగకాయ = వంకాయను; కొనుట ఏల అన్న = ఎందుకు కొంటారని అడిగితే; సూరతందు = సూరత్ నగరంలో; సాంచె = మరమగ్గం; ఇదియె చోద్యము = ఈ వింతనే; గొంతెత్తి చెప్పదా = బిగ్గరగా చెప్పకపోతుందా?

టీక

‘ఊరి చేని కూర’ అనేది తేలికపాటి మాట కాదు. చస్తే కాశీలో చావాలి, తింటే సూరత్‌లో తినాలి అని గుజరాతీల సామెత. మోక్షంతో సరితూగిన ఆ భోజనంలో పెద్ద వాటా చలికాలపు కూరలది. ముందుగా పాపడి. ఇది చిన్న జాతి చిక్కుడు. కతార్‌గామ్ పాపడి అని దీనికి పేరు. ఇప్పుడు కతార్‌గామ్‌లో పాపడి తీగలు పాకిన నేల మీద వజ్రాలు సానబట్టే కార్ఖానాలు లేచాయి. అయినా కాయ ఎక్కడ పండినా అమ్మేవాడి నోట కతార్‌గామ్ పేరు పోలేదు. ఆ పాపడి, ఊదారంగు పెండలం, చిలగడదుంప, బుల్లి వంకాయలు, మెంతికూర ఉండలు, పచ్చి వెల్లుల్లి కాడలు కలిసి ఊంధియు అవుతుంది. సంక్రాంతినాడు, అంటే వాళ్ళ ఉత్తరాయణం రోజున, మేడల మీద గాలిపటాలు ఎగురుతుంటే కింద ఇది ఉడుకుతుంది. ఇక పోంక్. లేత జొన్న కంకులను నిప్పుల మీద కాల్చి, దులిపి, గింజలు రాల్చి అమ్ముతారు. మన ఊచబియ్యమే. మనం ఊరికే బుక్కుతాం, వాళ్ళు నిమ్మరసం, మిరియం తగిలించిన సేవ్ కలుపుకుంటారు.

1972లో పూర్తయిన ఉకాయి ఆనకట్ట నీళ్ళు, దాని దిగువన కాక్రాపార్ నుంచి సాగే కాలువలు ఈ చుట్టుపక్కల నేలను తడుపుతున్నాయి. బార్డోలి వైపు చెరుకు ఆ నీళ్ళలో పెద్ద పాలు తాగినా, బెండకు, దొండకు, వంగకు కరువు రాలేదు. ఇంత చెప్పాక పాఠకుడికి నోరూరితే తప్పు వ్యాఖ్యాతది కాదు. లింబాయత్ ఇల్లాలికీ ఊరుతుంది. రుచి తెలియక కొనరన్న వాదం ఇక్కడితో చెల్లిపోయింది.

అయితే రుచికి ముందు వేళ్ళున్నాయి. పాపడికి రెండు వైపులా ఈనె తీయాలి. పచ్చి కందికాయ ఒలవాలి. పచ్చి వెల్లుల్లికి మట్టి కడగాలి. లింబాయత్ ఇళ్ళలో ఆడవాళ్ళ వేళ్ళు ఖాళీగా ఉండవు. చీరలకు రాళ్ళు అతికించడం, కుట్టుపని మీద వేలాడే దారపు కొసలు కత్తిరించడం, అంచులు వేయడం లాంటివి ఇంటికి తెచ్చుకుని చేస్తారు. చీరకింత అని కూలి. పాపడి ఒలిచే గంటలో కొన్ని చీరలు తప్పిపోతాయి. ఆలుగడ్డకు ఈ చిక్కు లేదు. డీసా నుంచి వస్తుంది, చెక్కు తీస్తే చాలు, ఆ చెక్కు కూడా తీయకపోతే ఎవరూ కోర్టుకు పోరు.

‘ఉదయాన’: పద్యానికి ప్రాణం ఇక్కడుంది. తొందరలో చదివేవారు దీన్ని పాదపూరణకు వేసిన మాట అనుకుని దాటిపోతారు. సహారా దర్వాజా దగ్గరి సర్దార్ మార్కెట్ సూరత్ టోకు కూరగాయల బజారు. చుట్టుపక్కల ఊళ్ళ పంట అక్కడికి తెల్లవారకముందే దిగుతుంది. ధర ఇరవై కిలోల మణం లెక్కన పలుకుతుంది. పావుకిలో కావలసినవాడు మణం ముందు నిలబడి ఏం చేస్తాడు? సరే, పదిమంది కలిసి కొంటారనుకుందాం. ఆ పదిమందీ ఆ వేళకు ఎక్కడుంటారు? పగటి షిఫ్టువాడు నిద్రలో ఉంటాడు, లేదా డబ్బా కట్టించుకుని బయల్దేరుతుంటాడు. రాత్రి షిఫ్టువాడు ఇంకా సాంచె ముందే ఉంటాడు. మరమగ్గాల షిఫ్టు పన్నెండు గంటలు, పొద్దున ఏడింటి నుంచి రాత్రి ఏడింటి దాకా. కూలి నేసిన మీటర్ల లెక్కన. సాంచె ఆగిన ప్రతి నిమిషమూ జేబులోంచే పోతుంది. అందుచేత ‘ఉదయం’ అనే పదార్థం లింబాయత్‌లో దొరకదు. ఉన్నదంతా షిఫ్టుకు ముందు, షిఫ్టుకు తరువాత.

కొందరు ‘ఉదయాన’ తీసేసి అక్కడ ‘సాయంత్రం’ అని సవరిస్తే బాధ తీరదా అంటారు. యతి చెడుతుంది. అమ్మేవాడి లెక్కలు అంతకన్నా చెడతాయి. రాత్రి కోసి, తెల్లారగట్ల దించి, పొద్దెక్కేలోగా వదిలించుకోకపోతే ఆకుకూర రైతు చేతిలోనే వాడిపోతుంది. ఏడింటికి షిఫ్టు దిగేవాడి కోసం రైతు పొద్దంతా ఎండలో కూర్చోలేడు. ఎవరో ఒకరు కూర్చోవాలి.

‘బండి మీది’: ఆ కూర్చునేవాడు, నిజానికి నిలబడేవాడు, వీడే. దళారి, చిల్లర వర్తకుడు అని పత్రికల్లో ఇతనికి మంచి పేరు లేదు. కానీ ఇతను అమ్మేది వంకాయ ఒక్కటే అనుకుంటే పద్యం అర్థం కాదు. తెల్లవారుజామును కొనుక్కొచ్చి రాత్రి ఎనిమిదింటికి గల్లీ మలుపులో అమ్ముతాడు. మణాన్ని పావుకిలోలుగా విడగొడతాడు. ‘భాయ్, రీంగణ్ కేటలా?’ అని తెలుగు యాసలో గుజరాతీ అడిగితే నవ్వకుండా ధర చెబుతాడు. రెండు పచ్చిమిరపకాయలు, చిటికెడు కొత్తిమీర కొసరు వేస్తాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, పగారు పడేదాకా ఆగుతాడు. పొలం దగ్గరి రైతు ఎంత మంచివాడైనా మనిషి మొహం చూసి అప్పు పెట్టలేడు, ఆ మొహం అతనెప్పుడూ చూడలేదు.

‘వాడు’: దీన్ని సర్వనామంగా తీసుకుని ‘బండి మీద ఉన్న వాడు’ అని అన్వయించడం అన్యాయం. బండి మీద వాడు ఉండడు, పక్కన ఉంటాడు.

‘గొంతెత్తి’: సాంచెల కార్ఖానాలోకి ఒకసారి తొంగి చూసినవారికి వివరణ అక్కరలేదు. లోపల మాటలు చేతి సైగల్లోనే నడుస్తాయి.

శంకా సమాధానాలు

ఒక శంక: మన వైపు రైతు బజార్లున్నాయి కదా, అక్కడా అలాంటిది పెడితే? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలయ్యాయి. దళారి లేకుండా రైతే అమ్మాలి, ధరల బోర్డు గుమ్మంలో ఉండాలి. చాలా కుటుంబాలకు మేలు జరిగింది, కాదనేవారు లేరు. అయితే మధ్యవాడిని తీసేసినప్పుడు వాడి లాభంతోపాటు వాడు మోసే దూరమూ, వేళా కూడా ఎవరి మీదో పడాలి. రైతు బజారులో అవి సంచీ పట్టుకుని వచ్చినవాడి మీద పడతాయి. పదవీ విరమణ చేసినవారికి అది వ్యాయామం. షిఫ్టు మనిషికి అది మీటర్ల కోత.

ఇంకో శంక: మందులు కొట్టని పంట అయితేనైనా వెతుక్కుంటూ పోరా? 2021లో పక్కనున్న డాంగ్ జిల్లాను పూర్తి ప్రకృతి వ్యవసాయ జిల్లాగా ప్రకటించారు. 2022 జూలై 10న సూరత్‌లో ప్రకృతి వ్యవసాయ సమ్మేళనమే జరిగింది. పంచాయతీకి డెబ్బై అయిదుగురు రైతులను ఆ దారికి తెచ్చిన సూరత్ నమూనా గురించి ప్రధాని వీడియోలో మాట్లాడారు. పంట వచ్చింది. దానికి తగిన వేళ, గిరాకీ వేసు, పీప్లోద్ ఫ్లాట్లలో దొరకవచ్చు. అక్కడివాళ్ళు కూడా కొంటున్నారా అంటే, ఆదివారం డుమస్ సముద్రపు ఒడ్డుకు పోయి టమాటా భజియా తిని వస్తారు. తాజా టమాటా వారికి శనగపిండి లోపల దర్శనమిస్తుంది. మిగతా రోజుల్లో ఫోన్ నొక్కితే కూర గుమ్మానికి వస్తుంది. అంటే వాళ్ళదీ బండివాడి మార్గమే, బండికి ఇంజన్ ఉంది, అంతే.

మూడో శంక ఒడియావారి గురించి. గంజాం నుంచి వచ్చి మెస్సుల్లో ఉండే కార్మికులు పడుకునే చాపను కూడా షిఫ్టులవారీగా పంచుకుంటారు. ఒకడు లేస్తే ఒకడు పడుకుంటాడు. వంట మెస్సువాడిది, కూర వాడి ఇష్టం. కొనడమనే క్రియకు అక్కడ కర్తే లేడు కనుక వారు ఈ పద్యం పరిధిలోకి రారు.

నాలుగోది గట్టి శంక. ఇదే లింబాయత్‌లో ఊరి నుంచి చుట్టం వస్తున్నాడంటే గోంగూర తెమ్మంటారు. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ దగ్గర ఎక్కిన గోంగూర కట్ట, తడిగుడ్డలో చుట్టుకుని, రాత్రంతా ప్రయాణం చేసి సూరత్‌లో దిగుతుంది. దిగేసరికి దానికీ మనకూ తేడా ఉండదు, ఇద్దరం నలిగి ఉంటాం. దాన్ని కళ్ళకద్దుకుంటారు. తెలిసిన వాళ్ళింట్లో ఆ పూట పాపడి మాట ఎత్తి చూడండి. ‘గది రోజూ దొరికేదే కదనే అక్కా, ముందు గోంగూర తుంచు’ అంటుంది చెల్లెలు. మరి వేళ లేదు, వేళ్ళు ఖాళీ లేవు అన్న సిద్ధాంతం ఏమైనట్టు? ఆకు ఆకూ తుంచడానికి గంట పట్టదా?

పడుతుంది. ఆ గంట ఎక్కడినుంచి వచ్చిందో టీకాకారుడికి తెలుసు. నిద్రలోంచి వచ్చింది. దగ్గర పొలంలోని తాజా చిక్కుడుకు నిద్ర తాకట్టు పెట్టని మనిషి, ఊరి గోంగూరకు పెడుతుంది. తాజాదనమే గొప్ప అయితే ఇది తిరగబడాలి. తాజా, దగ్గర, నేరుగా అనే మూడు మాటలూ కూరను అమ్మేవాళ్ళు కట్టినవి. తినేవాళ్ళ తూకంలో వాటితోపాటు వేరేవి చాలా ఉన్నాయి, వాటి పేర్లు సంచీ మీద అచ్చు వేయరు.

తాత్పర్యం

ఊరి పక్క చేలో పండిన కూర పొద్దున్నే బజారుకు వచ్చినా, రాత్రి బండి మీద వడలుతున్న వంకాయనే జనం ఎందుకు కొంటారో సూరత్ మరమగ్గాన్ని అడిగితే అదే చెబుతుందని భావం.

విశేషాలు

ఇది ఆటవెలది. రెండో పాదంలో బ-వ యతి చెల్లింది.

అలంకారం విషయంలో వివాదం ఉంది. కారణాలన్నీ ఉన్నా కార్యం జరగకపోతే విశేషోక్తి అంటారు. కూర వచ్చింది, ఆకలి ఉంది, చేతిలో నాలుగు రూపాయలున్నాయి, కొనుగోలు మాత్రం జరగలేదు, కనుక విశేషోక్తి అని ఒక పక్షం. ఆ పక్షంవారు ఒకటి గమనించలేదు. బండి మీది వంగకాయ ఎక్కడినుంచి వచ్చింది? నాసిక్ ఉల్లి వేరు, డీసా ఆలుగడ్డ వేరు. వంకాయ మాత్రం చాలాసార్లు ఓల్పాడ్ చేలోదో, కామ్రేజ్ చేలోదో అయి ఉంటుంది. తెల్లవారుజామున సర్దార్ మార్కెట్‌లో నిగనిగలాడుతూ దిగింది అదే. మొదటి పాదంలోని కూర, రెండో పాదంలోని కాయ వేరువేరు అనుకున్నంతసేపే చోద్యం. రెండూ ఒకటే. మధ్యలో పన్నెండు గంటలు గడిచాయి. వాళ్ళు ఊరి చేని కూరను కాదనలేదు. సాంచె వదిలిన వేళకు అది ఏ స్థితిలో ఉందో ఆ స్థితిలో కొన్నారు.

కాబట్టి విశేషోక్తి కుదరదు. ఉన్నదున్నట్టు చెప్పిన స్వభావోక్తి మాత్రమే.