గీజర్ విషయంలో వినకూడని సలహాలు

సింగపూర్ హెచ్‌డీబీ ఫ్లాట్లలో స్టోరేజ్ గీజర్ చాలాచోట్ల బాత్రూం ఫాల్స్ సీలింగ్ పైన ఉంటుంది. కంటికి కనపడని వస్తువు గదా, తలా ఒక సలహా చెబుతారు. వాటిలో నన్ను బాగా భయపెట్టేది ఇది:

"సేఫ్టీ వాల్వ్ కారుతోందా? ఓ ప్లగ్ బిగించెయ్."

చచ్చినా ఆ పని చెయ్యకండి. నీళ్ళు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. 25 లీటర్ల ట్యాంకులో కుళాయి నీళ్ళు 60 డిగ్రీలకు చేరేసరికి పావు లీటరుకు పైగా చోటు అదనంగా కావాలి. ట్యాంకు సాగదు. చల్లనీళ్ళ పైపులోకి తిరిగి వెళ్ళకుండా నాన్-రిటర్న్ వాల్వ్ అడ్డుంటుంది. ఇక మిగిలిన దారి సేఫ్టీ వాల్వే. స్విచ్ వేసినప్పుడు అది నాలుగు చుక్కలు కార్చిందంటే తన పని తాను చేస్తున్నట్టు. చల్లారాక కూడా ఆగకపోతే వాల్వ్ పాడై ఉండొచ్చు, లైన్లో ప్రెషర్ ఎక్కువైనా కావచ్చు. అప్పుడు ప్లంబర్‌ని పిలవాలి.

ఆ దారి మూసేశాక థర్మోస్టాట్, ఓవర్‌హీట్ కటౌట్ రెండూ మొరాయించాయనుకోండి. ఒత్తిడి వల్ల నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగవు. ట్యాంకు చీలిన క్షణంలో వాటిలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఆవిరైన ప్రతి చుక్కకూ సుమారు 1,600 రెట్ల చోటు కావాలి. ఆ ట్యాంకు ఉన్నది స్నానం చేస్తున్న మనిషి నెత్తిమీద. వాల్వ్ డ్రెయిన్ పైపు చివర కంటికి కనపడేలా కిందికి దింపించుకోవాలని నేను పట్టుబట్టి చెప్పేది అందుకే. సీలింగ్‌లోపల కారితే ఎవరికి తెలుస్తుంది?

"ఊరినుంచి రాడ్ తెచ్చుకుని బకెట్లో వేసుకో."

అద్దె గదుల్లో ఉండే కుర్రాళ్ళకు ఈ సలహా ఎక్కువ. మన గుండ్రటి పిన్నులు ఇక్కడి సాకెట్లో దూరవు. దాంతో సాకెట్ పైకన్నంలో పెన్ను గుచ్చి, కింది రెండు కన్నాల మూతలు తెరుచుకోగానే ప్లగ్ తోసేస్తారు. ఆ పైకన్నమే ఎర్త్. అది లేకుండా తడి బాత్రూంలో 230 వోల్టులు! వద్దు నాయనా.

"ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతోంది, బైపాస్ చేయించు."

30 మిల్లీ ఆంపియర్ల కరెంటు పక్కదారి పట్టినా ఆపేసే పరికరం అది. గీజర్ వేసిన ప్రతిసారీ పడిపోతుంటే ఎలిమెంట్ చిట్లిందేమోనని అనుమానించాలి. 1985 జులైకి ముందు కట్టిన ఇళ్ళకు కూడా 2023 జులై 1 నుంచి ఆర్‌సీసీబీ తప్పనిసరి చేశారు. పెట్టించుకోవడానికి రెండేళ్ళ గడువిచ్చారు, అదీ ముగిసింది.

"మనవాడొకడున్నాడు, చవగ్గా చేస్తాడు."

చవక సంగతి తరవాత. పైపు లైను మార్చాలంటే పీయూబీ (ఇక్కడి జల సంస్థ) లైసెన్సున్న ప్లంబర్, వైరింగ్‌కు ఈఎంఏ (విద్యుత్ నియంత్రణ సంస్థ) లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ కావాలి. గీజర్ మీద సేఫ్టీ మార్క్ ఉండాలి. ప్లంబర్ లైసెన్స్ నంబర్ అడిగి, పీయూబీ జాబితాలో సరిచూసుకున్నాకే పని మొదలుపెట్టించండి. వచ్చినవాడు వాల్వ్ మీట ఎత్తి, నీళ్ళు ధారగా వస్తున్నాయో లేదో మీ కళ్ళెదుటే చూపించాలి.