అడ్వాన్సా, రిటార్డా?

పాత బుల్లెట్టు ఉన్నవాడికి ఊరంతా మెకానిక్కులే. బండి ఆపి కిక్కు కొట్టడం మొదలెడితే చాలు, టీకొట్టు బల్ల మీంచి ఓ పెద్దమనిషి "టైమింగు పోయింది మాస్టారూ, కొంచెం అడ్వాన్సు పెట్టించండి" అంటాడు. పక్కాయన ఊరుకోడు. "అడ్వాన్సు పెడితే కిక్కు తిరగబడి కాలిరుగుద్ది. రిటార్డు చెయ్యండి!" ఇద్దరివీ బటన్ నొక్కితే స్టార్టయ్యే బళ్లే.

వారాలుగా ఇదే గోల. సైలెన్సరు కాలిపోతోంది, వంతెన ఎక్కాలంటే గేరు మీద గేరు దించాలి, యాక్సిలేటరు వదిలితే దీపావళి. షెడ్డులో కుర్రాడు బండి చుట్టూ ప్రదక్షిణం చేసి, "సెన్సారు ఎక్కడుంటుంది సార్?" అన్నాడు. నేనే నాయనా సెన్సారు.

చెప్పుకోడానికి పని చిన్నదే. పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల దాకా ఉండాలి. కంప్రెషన్లో పిస్టన్ పైకొస్తూ, కొసకి ఇంకా 0.8 మిల్లీమీటరు ఉందనగా పాయింట్లు విడాలి. అప్పుడే ప్లగ్గులో నిప్పు. ప్లగ్గు విప్పి, ఆ కన్నంలోంచి సైకిలు పుల్ల దించి, టాప్ గేర్లో వెనక చక్రం చేత్తో తిప్పుతూ పుల్ల ఎంత లేచిందో చూసుకోవాలి. పిస్టన్ నడక మొత్తం 90 మిల్లీమీటర్లు. అందులో 0.8ని వెతికి పట్టుకోవడానికి నా దగ్గరున్నవి పై సగం దూరానికి, కింది సగం దగ్గరికి పనిచేసే కళ్లద్దాలు.

పాయింట్లు విడిన క్షణం ఏ కంటికీ ఆనదు. అందుకే పాత మేస్త్రీలు వాటి మధ్య సిగరెట్టు కాగితం పెట్టి, సుతారంగా లాగిపట్టుకునేవారు. చక్రం తిరుగుతుండగా కాగితం జారి చేతికొచ్చిందా, అదే ముహూర్తం. వాళ్ల నోట్లో సిగరెట్టు ఎప్పుడూ ఉండేది కాబట్టి కాగితానికి లోటు లేదు. నాకు ఆ అలవాటు లేదు.

కిళ్లీకొట్టుకెళ్లాను. "ఒక సిగరెట్టు" అనగానే కొట్టతను వక్కలు కత్తిరించడం ఆపేశాడు. "మీకేనా మాస్టారూ?" బండికి అన్నాను. ఇంకేమీ అడక్కుండా, జాలిగా ఒకటి తీసిచ్చి లైటరు వెలిగించాడు. వద్దని పక్కకెళ్లి, గోటితో సిగరెట్టు నిలువునా చీల్చి, పొగాకు అరచేతిలోకి దులుపుతున్నాను. ఇంటర్లో లెక్కల్లో తప్పి నాకు మొహం చాటేసి తిరిగే శిష్యుడొకడు, ఇన్నేళ్లకి తనంతట తనే దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "లోపలికి సరుకేమైనా కావాలా మాస్టారూ?" అన్నాడు. వాడి కళ్లలో అంత గౌరవం పాఠం చెప్పిన రోజుల్లో ఒక్కనాడూ చూడలేదు. నేను ఇంటికి చేరేలోపే కబురు చేరింది. మా ఆవిడ ఒక్క మాటా అనకుండా నా చొక్కా వాసన చూసింది. ఎదురింటి పిన్నిగారు సాయంత్రం మజ్జిగ పంపారు. దేనికి విరుగుడో చెప్పలేదు.

ఇంతా అయ్యాక మా బావమరిది ఫోన్లో తీరిగ్గా చెప్పాడు: "కాగితం ఎందుకు బావా? తాళం తిప్పి ఆన్‌లో ఉంచు. పాయింట్లు విడగానే ఆమ్మీటరు ముల్లు మధ్యకొచ్చేస్తుంది కదా!"

అసలు టైమింగుని ఎవరూ కదపలేదు. కామ్ మీద రాసుకునే చిటికెడు ఫైబరు ముక్క అరుగుతుంది. అది అరిగినకొద్దీ గ్యాపు తగ్గుతుంది, గ్యాపు తగ్గినకొద్దీ నిప్పు ఆలస్యమవుతుంది. రోజూ నడిపేవాడికే తెలీదు. ఈమధ్య క్లాసులో వెనక బెంచీలో ఎవడో జోకేస్తే, పిల్లల నవ్వు ఆగాక నాకు నవ్వొస్తోంది. మొన్నటిదాకా వాళ్లు గొణుగుతున్నారనుకున్నాను.

సరే, కొత్త పాయింట్లు బిగించాను. కామ్ మీద ఈసారి చుక్క గ్రీజు రాశాను, ఆ ఫైబరు కొన్నాళ్లు ఆగుతుందని. చుక్క ఎక్కువైతే అది పాయింట్ల మీదికి చిమ్మి అసలు నిప్పే పుట్టదు. పాయింట్ల పెట్టె మీద 'ఒరిజినల్' అని పెద్దక్షరాలతో ఉంది. స్పెల్లింగులో మాత్రం ఒక అక్షరం తక్కువ.