సంతకం ఆవిడది, ఓటీపీ ఆయనది

మా డెల్టాలో ఆడవాళ్లకు ఆస్తి లేదనేవాళ్లు ఒక మంచిరోజు చూసుకుని తెనాలి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర కాసేపు నిలబడాలి. ఆస్తే లేకపోతే ఇంతమంది ఆడపడుచులు కార్లు దిగొచ్చి ఏం వదులుకుంటున్నట్టు?

కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా ఉండాలని ఢిల్లీకి 2005లో తోచింది. ఎన్టీఆర్ హయాంలో మనకు 1985లోనే తోచింది. (అప్పటికే పెళ్లయినవాళ్లను ఆ చట్టం వాకిట్లోనే ఆపేసింది, అది వేరే సంగతి.) చట్టం తేవడంలో 20 ఏళ్లు ముందున్నవాళ్లం, దాన్ని దాటెయ్యడంలో వెనకబడతామా? తమ్ముడు హక్కు విడుదల దస్తావేజు రాయించి సిద్ధంగా ఉంటాడు. "అక్కా, ఇక్కడొకటి, ఇక్కడొకటి. వేలిముద్ర ఈ మిషన్ మీద." అక్క చదవబోతే రాసినాయన నొచ్చుకుంటాడు. తర్వాత మరదలు పట్టుచీర పెడుతుంది. మాగాణి ధర ఎంత పెరిగినా ఈ చీర ధర మాత్రం అదుపులోనే ఉంది. వాటా అడిగిన అక్క కూడా ఊరికొకరు ఉండకపోరు. ఆవిణ్ణి సంక్రాంతికి పిలవరు.

ఇక బంగారం. అది అచ్చంగా ఆవిడదే, ఎవరూ కాదనరు. రేపల్లె వైపు రొయ్యల చెరువు వెయ్యాలన్నప్పుడు ఆ సంగతి ఆయనకు మరీ బాగా గుర్తొస్తుంది. "పట్టుబడి కాగానే విడిపిస్తానే" అంటే హారం తాకట్టుకెళ్తుంది. ఆపైన చెరువుకి వైట్ స్పాట్ తెగులు వస్తుంది. రొయ్యలు పోతాయి, హారం పోతుంది, చెరువు మాత్రం ఆయన పేరునే ఉంటుంది. స్త్రీధనం మీద భర్తకు అధికారం లేదని, కష్టంలో వాడుకున్నా తిరిగిచ్చే నైతిక బాధ్యత ఉందని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో కూడా చెప్పింది. ఆ తీర్పు ఇంకా రేపల్లె రైలెక్కినట్టు లేదు. కట్నం సంగతైతే మరీ విడ్డూరం. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం దాన్ని ఎవరు పుచ్చుకున్నా మూడు నెలల్లో పెళ్లికూతురికి అప్పగించాలి. ఈ ముక్క అత్తగారి ముందు చదివి వినిపించిన కోడలుంటే దండేసి ఊరేగించాలి.

అప్పు దగ్గర మాత్రం పెత్తనమంతా ఆవిడదే. డ్వాక్రా లోనుకు సంతకం ఆవిడే పెట్టాలి, మీటింగుకు ఆవిడే వెళ్లాలి, వాయిదా తప్పితే గ్రూపులో పరువు ఆవిడదే పోవాలి. వచ్చిన డబ్బుతో బండి కొనే శ్రమ ఒక్కటీ ఆయన తన మీద వేసుకుంటాడు.

బాపట్లలో ఒక బ్యాంకుకి ఒకావిడ వెళ్లి, తన ఖాతాకి యాప్ పెట్టివ్వమంది.

"ఓటీపీ చెప్పండమ్మా" అన్నాడు కౌంటర్లో కుర్రాడు.

"అది మావారి ఫోనుకొస్తుందండి."

ఆయన చెరువు గట్టు మీద ఉన్నాడు, సిగ్నల్ లేదు. ఆవిడ కాసేపు ఆలోచించి నంబరు మార్చే కాగితం అడిగి తీసుకుంది. తన నంబరు రాసి, సంతకం పెట్టి, ఆధార్ జెరాక్సు జతచేసి ఇచ్చింది. కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సారుకి చెప్పారా అమ్మా?"

"ఏ సారుకి బాబూ?" అందావిడ.