తలుపు తెరుచుకుంది నా ఒక్కడికే

నా పేరు జాయ్. ఇంగ్లీషులో ఆనందం అని అర్థం. స్పానియల్ జాతి కుక్కని. అన్నం గిన్నెలో మూతి పెడితే మూతికంటే ముందు చెవులు తడిసేవి, అంత పొడుగు చెవులు నావి. రష్యా చక్రవర్తి రెండో నికొలస్‌గారి ఒక్కగానొక్క కొడుకు అలెక్సీ నన్ను పెంచుకున్నాడు. లోకానికి ఆయన యువరాజు. నాకు మాత్రం మా బాబు.

నలుగురు ఆడపిల్లల తరవాత, 1904లో పుట్టాడు బాబు. పుట్టుకతోనే రక్తం గడ్డకట్టని జబ్బు. ఇంకో పిల్లాడైతే మోకాలు కొట్టుకుంటే కాస్త ఊదుకొని మళ్ళీ పరుగెత్తుతాడు. మా బాబుకు దెబ్బ తగిలితే లోపల్లోపలే రక్తం చేరి కీలు వాచిపోయేది. ఇక వారాల తరబడి మంచమే. కనిపెట్టుకొని ఉండటానికి ఇద్దరు నావికుల్ని పెట్టారు. నేను గంతులేసుకుంటూ ఆయన మీదికి పోతుంటే వాళ్ళ గుండె గుభేలుమనేది. ఈ జబ్బు సంగతి జనానికి తెలియనివ్వలేదు. కొడుకు బతికితే చాలనుకున్న అమ్మగారు మహిమలున్నాయని పేరుపడ్డ రస్పుటిన్‌ను నమ్మింది. అతను అంతఃపురానికి ఎందుకు వస్తున్నాడో తెలియని జనం నోటికొచ్చినట్టు అనుకున్నారు.

యజమాని తప్పులు కుక్క కంటికి ఆనవంటారు. ఆనకపోవచ్చు గానీ వాసన తగులుతుంది. దొరగారు పిల్లలకు ఎంత మెత్తని తండ్రో, ఏలికగా అంత మొండి మనిషి. నేను పుట్టకముందే, 1905లో, అర్జీ పట్టుకొని ఆయన కోట ముందుకు వచ్చిన జనాన్ని సైన్యం కాల్చేసింది. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తున్న 1915లో తానే సర్వసేనానినని యుద్ధరంగానికి వెళ్ళాడు. బాబును వెంటబెట్టుకున్నాడు. బాబు వెంట నేనూ సేనాకేంద్రమైన మొగిలేవ్ చేరాను. అక్కడ నా గిన్నెకు లోటు లేదు. రాజధాని పెట్రోగ్రాడ్‌లో మాత్రం ఆడవాళ్ళు రొట్టె కోసం మంచులో బారులు తీరి నిలబడేవాళ్ళు. ఆ బారులే 1917లో వీధుల్లోకి పొంగాయి. మార్చి 15న ప్స్కోవ్ దగ్గర రైలు పెట్టెలో కూర్చొని దొరగారు తన తరపునా, కొడుకు తరపునా సింహాసనం వదులుకున్నాడు. ఆ రోజు నుంచి బాబు యువరాజు కాడు. నాకేం తేడా తెలియలేదు. తల నిమిరిన చెయ్యి అదే.

త్సార్‌స్కొయే సెలొలోని సొంత భవనంలోనే అందరినీ నిర్బంధించారు. దొరగారు తోటలో పార పట్టి కూరమళ్ళు తవ్వేవాడు. ఇంగ్లండు రాజు అయిదో జార్జి ఆయనకు పెద్దమ్మ కొడుకు. మీ వరసలో సొంత అన్న కిందే లెక్క. పక్కపక్కన నిలబడితే ఎవరు ఎవరో పోల్చుకోలేనంత పోలిక. ఇంగ్లండు ప్రభుత్వం మొదట రమ్మంది. తరవాత జార్జిగారికి భయం పట్టుకుంది. జనం ఒప్పని రాజును చేరదీస్తే తన గద్దె కిందికి నీళ్ళొస్తాయని. పిలుపు వెనక్కిపోయింది. ఆ తలుపు మూసుకున్న చప్పుడు మా ఇంట్లో ఎవరికీ వినపడలేదు.

ఆగస్టులో మమ్మల్ని సైబీరియాలోని తొబోల్స్క్‌కు పంపించారు. చలికాలంలో పిల్లలు పెరట్లో మంచు పోగుచేసి జారుడుగుట్ట కట్టుకున్నారు. సైనికులు దాన్నీ పగలగొట్టారు. ఆ ఇంట్లో స్వేచ్ఛగా తిరిగింది నేనొక్కణ్ణే. కంచె దాటి ఊళ్ళోకి పోయేవాణ్ణి. వీధికొక స్నేహితుణ్ణి సంపాదించాను. చెత్తగుంటలో దొరికిందల్లా తిని లావెక్కాను. అందరూ కర్ర పుచ్చుకొని తరిమేవాళ్ళు. ఈ సంగతంతా బాబు ఒక ఉత్తరంలో రాశాడు. నేను ఊరు తిరిగి వచ్చి బూట్ల దగ్గర పడుకుంటే, నా మీద ఉన్న బజారు వాసనలే వాళ్ళకు బయటి ప్రపంచం.

1918 ఏప్రిల్‌లో దొరగారిని, అమ్మగారిని, కూతురు మరియమ్మను ముందుగా యెకతెరిన్‌బుర్గ్‌కు తీసుకుపోయారు. జారి పడి మంచం పట్టిన బాబు కదల్లేడు. అక్కడి నుంచి అమ్మగారు మందులు సర్దమని ఉత్తరం రాసింది. మందులంటే నగలని ఆడపిల్లలకు తెలుసు. రోజుల తరబడి కూర్చొని వజ్రాలను దూదిలో చుట్టి, ఒంటిని అంటిపెట్టుకొనే లోపలి బట్టల్లో పెట్టి కుట్టారు. దారం కొరికిన చప్పుడు, అడుగుల చప్పుడు వినపడగానే ఒడిలోది దాచేయడం, అంతా నా కళ్ళముందే జరిగింది. ఎప్పటికైనా బయటపడితే బతకడానికి ఆ రాళ్ళే ఆధారం అనుకున్నారు.

మే నెలలో మేమూ వెళ్ళి కలుసుకున్నాం. ఇపాతియెవ్ అనే ఇంజనీరు ఇల్లు అది. చుట్టూ ఎత్తయిన చెక్కల దడి. కిటికీ అద్దాలకు తెల్లరంగు. ఆకాశం కూడా కనపడకూడదన్నమాట.

జులై 17, అర్ధరాత్రి దాటాక అందర్నీ లేపారు. ఊళ్ళో అల్లర్లు, కిందికి దిగండి అన్నారు. నడవలేని బాబును దొరగారు ఎత్తుకున్నాడు. ఏడుగురు వాళ్ళు, డాక్టరు, దాసీ, వంటవాడు, నౌకరు. మొత్తం పదకొండు మంది కింది గదిలోకి వెళ్ళారు. అక్కడ తుపాకులు పేలాయి. బతుకుదెరువుకని దాచుకున్న వజ్రాలకు తగిలి గుళ్ళు పక్కకు ఎగిరాయట. అయినా ఆ ఆడపిల్లలు బతకలేదు, చావడానికి ఎక్కువసేపు పట్టిందంతే. బాబుకు పద్నాలుగేళ్ళు నిండడానికి ఇంకా 26 రోజులున్నాయి.

మా ఇంటి చిన్నకుక్క జిమ్మీ శవం మరుసటి ఏడు అడవిలోని గనిగుంటలో దొరికింది. నేను ఎందుకు మిగిలానంటే చెప్పలేను. కాపలావాడొకడు నన్ను తన ఇంటికి తీసుకుపోయాడు. ఎనిమిది రోజులకు, విప్లవకారులతో పోరాడుతున్న శ్వేతసేన ఊళ్ళోకి వచ్చింది. వాళ్ళ చేతుల మీదుగా ఓమ్‌స్క్ చేరాను. అప్పటికి చూపు ఇంచుమించు పోయింది. అమ్మగారి దగ్గర పనిచేసిన ఒకావిడ అక్కడ పలకరిస్తే, ఆ గొంతుకు తోక ఊపాను. నేనేం చూశానో అని ఆవిడ నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. కర్నల్ రొద్‌జ్యాంకో అనే రష్యన్ అధికారి నన్ను సైబీరియా దాటించి, ఓడెక్కించి ఇంగ్లండుకు తీసుకెళ్ళాడు. విండ్సర్‌లో దించాడు. అయిదో జార్జిగారి కోట ఉన్న ఊరే. మా ఇంటివాళ్ళకు తెరుచుకోని తలుపు నాకు తెరుచుకుంది. గద్దెకు కుక్కవల్ల ప్రమాదం లేదు కదా.

తిండికి, ఎండకు కొదవలేకుండా అక్కడే ముసలివాణ్ణై పోయాను. తోటలో పొదల మధ్య రాయి పాతి, ఆనందం ఇక్కడ పడుకుందని రాశారు. మీరు దిక్కులేని చావును కుక్కచావంటారట. కుక్కకు సమాధి కట్టారు. చక్రవర్తి ఎముకలు 73 ఏళ్ళు బురదదారి కింద ఉన్నాయి.

ఈలోగా జనం ఆ కుటుంబంలో ఎవరో ఒకరు తప్పించుకున్నారని నమ్ముతూనే ఉన్నారు. 1920లో బెర్లిన్‌లో కాలువలో దూకిన ఒకావిడ తాను చక్రవర్తి చిన్న కూతురు అనస్తాసియానంది. పుస్తకాలు, సినిమాలు, కోర్టు వ్యాజ్యాలు. ఆవిడ కాదని డీఎన్‌ఏ పరీక్ష తేల్చేసరికి 1994 వచ్చింది. నేనుండి ఉంటే ఒక్కసారి అరచెయ్యి వాసన చూసి చెప్పేవాణ్ణి.

1998 జులై 17న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వాళ్ళకు అంత్యక్రియలు జరిగాయి. అందులో మా బాబు లేడు. ఒక అక్కతో కలిపి ఆయన్ను విడిగా కాల్చి పాతిపెట్టారు. 2007లో గానీ ఆ ఎముక ముక్కలు దొరకలేదు. మిగతావాళ్ళున్న చోటికి కూతవేటు దూరంలోనే. నన్ను ఇంగ్లండు తీసుకుపోకుండా ఆ అడవిలో వదిలి ఉంటే, కళ్ళు లేకపోయినా 89 ఏళ్ళు పట్టేది కాదు.